కుడి పక్క బల్ల

మా నాన్న కొట్టులో చీకట్లో కూడా జీలకర్ర దొరికేది. తాడేపల్లిగూడెంలో కరెంటు పోయిన సాయంత్రాల్లో పక్క కొట్లవాళ్లు కొవ్వొత్తుల కోసం తడుముకుంటుంటే, మా నాన్న పీట మీదనుంచి లేవకుండానే చెయ్యి వెనక్కి చాపి ఆవాలో, మెంతులో, ఇంగువో, ఏదడిగితే అది తీసి పొట్లం కట్టేసేవాడు. "కన్ను గిరాకీ మీదుండాలి, చెయ్యి సరుకు మీదుండాలి. సరుకు కోసం కన్ను వెతకడం మొదలెట్టిందంటే గిరాకీ మెట్టు దిగిపోయినట్టే" అనేవాడు. తూకం వేసి, కాటా ముల్లు నిలబడ్డాక, పైన చిటికెడు కొసరు వేసేవాడు. కొసరెందుకు నాన్నా అని అడిగితే, "తూకం ధర్మానికమ్మా. కొసరు, వాళ్లకి మనం గుర్తుండటానికి" అనేవాడు.

ఆ కొట్టు మా అన్నలకు వచ్చింది. నాకు నోరు వచ్చింది. అన్నలు కొట్టు అమ్మేసుకున్నారు. నా నోటిని కొనేవాళ్లు ఎవరూ లేక అది నా దగ్గరే ఉండిపోయింది.

ఆ నోటితోనే ఏలూరు కాపరానికి వచ్చాను. ఆటో అతనితో బేరం, పూలమ్మితో బేరం, గుళ్లో కొబ్బరికాయ కొట్టే ఆయనతో పెద్ద చిప్ప మాకే ఇమ్మని బేరం. ఒకసారి డాక్టరుగారు పది రోజులు మందులు వాడమంటే వారానికి సరిపెట్టండి అన్నాను. ఆయన నవ్వలేదు. పక్కన కూర్చున్న మా ఆయన తల దించుకున్నాడు. నేను మాత్రం ఆ మూడు రోజులూ నష్టపోయాననే ఇప్పటికీ అనుకుంటాను.

మా ఆయన ఫ్యాన్సీ కొట్టు మూతపడ్డాక నేనొక హోటల్లో పనికి కుదిరాను. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. దాని ఓనరు ఆకివీడు పక్క చేపల చెరువులున్న ఆసామి. సొంత చెరువు చేపని సొంత పొయ్యి మీద వండించి అమ్మాలని ఆయన సరదా. నన్ను తీసుకున్నది సామాను గది తాళాలకి. ఏది ఎంత ఉందో చూసుకోవడం, మార్కెట్టుకి వెళ్లి బేరమాడి తేవడం. ఇంతకంటే నాకు తగిన ఉద్యోగం ప్రపంచంలో లేదని చేరిన రోజున అనుకున్నాను.

చేరిన మర్నాడు వంటింట్లోకి తొంగి చూశాను. నూనె కాగాక ఉల్లిపాయల కోసం వెతికే వంటిల్లు అది. హోటలుకి పెద్ద వంటమాస్టారు ఒకాయన ఉండేవాడు. లావుపాటి మనిషి, మెడలో తువ్వాలు, గొంతు గంట. ఆయన పొయ్యి దగ్గర నిలబడి "ఉప్పు" అని అరిస్తే ఒకళ్లు పరుగెత్తేవారు. "పసుపేదర్రా" అంటే ఇంకొకళ్లు. గరిట కనపడక అట్లకాడతో పులుసు కలిపిన రోజులున్నాయి. ఆ లోపల పోపు మాడేది. మాడిన పోపు పారబోసి మళ్లీ వేసేవారు. పారబోసిన ప్రతి పోపూ నా సామాను గదిలోంచి వెళ్లిందే. నాకు అది ఎవరో నా గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినట్టే ఉండేది.

అందుకని నేనొక బల్ల సంపాదించాను. చక్రాలున్న స్టీలు బల్ల, మూలన తుప్పు పడుతూ ఉంటే తోమించాను. దాని మీద మా నాన్న కొట్టు పరిచాను. పొయ్యికి దగ్గరగా పోపు డబ్బా. దాని వెనక అల్లం వెల్లుల్లి ముద్ద, తరిగిన ఉల్లిపాయలు, చీల్చిన పచ్చిమిర్చి, దూసి పెట్టిన కరివేపాకు. ఆ తరవాత కారం, పసుపు, ధనియాల పొడి. చివర పిసికి వడకట్టిన చింతపండు రసం. ఏది ముందు మూకుట్లో పడుతుందో అది ముందు. ఉప్పు మాత్రం అన్నిటికంటే దగ్గర, ఎందుకంటే చెయ్యి మాటిమాటికీ పోయేది దానిమీదకే. చేప ముక్కలు ఉప్పూ పసుపూ పట్టించి ట్రేలలో కింది అరలో. గరిట, జల్లిగరిట, అట్లకాడ, పట్టకారు పిడులు ఇటు తిప్పి వరసగా. పక్కన తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి. పొయ్యి వెలిగించకముందే వంట అక్కడ పడుకుని ఉండేది, లేపడమే ఆలస్యం.

మాస్టారు చూసి పకపకా నవ్వాడు. "ఇది వంటిల్లా, పచారీ కొట్టా? ఏవమ్మా, పుల్లట్ల పిండి కూడా తూకానికి ఇస్తావా?"

"మీరు కొంటానంటే ఇస్తానండీ" అన్నాను.

ఆనాటినుంచి నాకు బేరాలమ్మ అని పేరు పెట్టాడు. వంటింట్లో అందరూ అలాగే పిలిచారు. పేరు పెట్టాడే కానీ, ఆ బల్ల లేకుండా ఆయన పొయ్యి వెలిగించడం మానేశాడు. నెల తిరక్కుండానే ఆయన కేకలు ఆగిపోయాయి. పోపు మాడటం ఆగిపోయింది. మాస్టారి చేతిలో ఏదో వేగం వచ్చిందని అందరూ చెప్పుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు.

ఆ వేగం ఎక్కడిదో నాకు తెలుసు. మొదట్లో బల్లని అందరిలాగే కుడి పక్క పెట్టాను. చేరువలోనే ఉన్నా ఆయన చెయ్యి తడబడేది. ఎందుకా అని గమనించాను. పులుసు రుచి చూసేటప్పుడు ఎవరైనా గరిటతో చుక్క తీసి ఎడం అరచేతిలో వేసుకుంటారు. ఆయన కుడి అరచేతిలో వేసుకునేవాడు. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే చప్పున గరిట చెయ్యి మార్చేవాడు. భోజనం కుడి చేత్తోనే చేసేవాడు, కానీ చిన్నప్పుడు వేళ్ల మీద దెబ్బలు తిని నేర్చుకున్నవాడిలా మెతుకులు జారవిడుచుకుంటూ తినేవాడు. ఆయనది ఎడం చేతి వాటం. అన్నం దగ్గర ఎడం చెయ్యి పెడితే మన ఊళ్లలో ఎలా చూస్తారో తెలిసిందే కదా. పెళ్లిళ్ల వంటలతో పైకి వచ్చిన మనిషి, దాన్ని జీవితమంతా తువ్వాలు కింద దాచుకుని బతికాడు.

నేనేం అనలేదు. మర్నాటినుంచి బల్లని ఎడం పక్క పెట్టాను. పిడులన్నీ ఎడం చేతికి తిప్పాను. ఆయనా ఏం అనలేదు. గిరాకీ ఇంటి గుట్టు కొట్టువాడి దగ్గర ఉంటుంది, ఎవరు అప్పుడప్పుడే నెయ్యి మానేశారో, ఎవరింట్లో కొత్తగా ఉగ్గు వండుతున్నారో. కొట్టువాడు పొట్లం కట్టి ఇస్తాడు కానీ నోరు విప్పడు. అదే పద్ధతి నేనూ పాటించాను. నా అంత నోరున్న మనిషి మూసుకుని ఊరుకోవడం ఎంత పెద్ద బహుమానమో ఆయనకి అర్థం కాలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ తరవాత ఓనరుగారు వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీయించి అద్దం పెట్టించారు. తినేవాళ్లకి వంట కనపడాలి, అదే ఇప్పటి ఫ్యాషనట. మాస్టారికి ఆ రోజునుంచి ముచ్చెమటలు. అద్దం దగ్గరకి ఎవరైనా వస్తే కుడి చేత్తో జల్లిగరిట పట్టుకుని నిలబడి నవ్వేవాడు. వాళ్లు కూర్చోగానే ఎడం చేత్తో పని కానిచ్చేవాడు.

అవి తాడేపల్లిగూడెంలో రెండో హోటలు పెట్టాలని ఓనరుగారు తిరుగుతున్న రోజులు. తీసుకోబోయే మేడ ఎక్కడో తెలుసునా, మా నాన్న కొట్టు ఉన్న బజారులోనే. ఆ కొట్టు ఇప్పుడు సెల్ఫోన్లు బాగుచేసే షాపు. దానికి ఎదురు మేడ. ఒకరోజు ఆయన నా సామాను గది గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా, గూడెం వంటిల్లు నువ్వు చూసుకుంటావా? వండేవాళ్లని నేను తెస్తాను. వాళ్లని నడిపించేది నువ్వు" అన్నారు.

ఆలోచించి చెప్తానండీ అన్నాను. ఎవరేమిచ్చినా మొదటి మాటకే పుచ్చుకోకూడదని పెంపకం. ఆయన వెనక్కి తిరగ్గానే బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చాను. ఆ బజారులో అందరూ నన్ను కొట్టువారమ్మాయి అనేవారు. అన్నలు కొట్టు అమ్మేశాక ఆ పేరు కూడా పోయింది. అక్కడికి తాళాల గుత్తితో వెళ్లి నిలబడటం కంటే నాకు ఈ జన్మకి ఇంకేం అక్కర్లేదు.

అదిగో అప్పుడు, ఫోనులో వంటల వీడియోలు తీసే అబ్బాయి ఒకడు వచ్చాడు. కొల్లేటి చేపల పులుసు తీయాలన్నాడు. మాస్టారు పొడి తువ్వాలు వేసుకుని నిలబడ్డాడు. మొదట్లో కుడి చెయ్యి బాగానే ఆడించాడు. నూనె కాగి, మెంతులు ఎర్రబడే సమయానికి ఒళ్లు మరిచిపోయాడు. ఎడం చెయ్యి బల్ల మీదకీ మూకుట్లోకీ మగ్గంలో నాడెలా తిరిగింది. ఇంత చక్కటి వంట నేనెప్పుడూ చూడలేదు, అది నిజం. ఆ అబ్బాయి ఆ చేతినే దగ్గరగా తీశాడు.

వీడియో ఊరూరా తిరిగింది. కింద జనం రాసిన మాటలు కూడా తిరిగాయి. పులుసు సంగతి ఎవరూ రాయలేదు. ఎడం చేత్తో వండిన కూర ఎలా తింటార్రా అని ఒకడు, మా అమ్మయితే వాత పెట్టేది అని ఒకడు.

ఓనరుగారు మా ఇద్దర్నీ పిలిచారు. "మాస్టారూ, గూడెం హోటల్లో వాటా పెట్టేవాళ్లు రేపు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారండి. కైకలూరు చేపల మేతషాపు ఆయన, ముదినేపల్లి రైతులు, మా ఆకివీడు వాళ్లు. అందరూ ఆ వీడియో చూశారట. మీది ఎడం చెయ్యా అని నన్నడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

మాస్టారు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కాటా కింద చింతపిక్క అంటించేవాడి చూపు అది.

"నాది ఎడం చెయ్యేంటండీ. బల్ల ఎడం పక్క పెట్టిందావిడ. సరుకు ఎటుంటే చెయ్యి అటు పోతుంది కదండీ. ఎన్నిసార్లు చెప్పానో, కుడి పక్క పెట్టమ్మా, పద్ధతి కాదమ్మా అని. వినిపించుకోదండీ. బేరాలమ్మ కదా, మనం చెప్పిందానికి సగానికి అడుగుతుంది."

అందరూ నవ్వారు. ఓనరుగారు కూడా. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నా నోరు నాకు పనికిరాని రోజు అదొక్కటే.

"ఏవమ్మా చెల్లెమ్మా" అన్నారు ఓనరుగారు, నొచ్చుకుంటూ. "కుడీ ఎడమా ఆ మాత్రం చూసుకోవద్దా? పదిమంది తినే చోటు."

"రేపటినుంచి కుడి పక్కే పెట్టు" అన్నాడు మాస్టారు.

"సరేనండీ" అన్నాను.

బయటికి వస్తుంటే ఓనరుగారు వెనకనుంచి మెల్లిగా అన్నారు. "గూడెం సంగతి మళ్లీ చూద్దాంలేమ్మా. మాస్టారి బావమరిది ఖాళీగా ఉన్నాడట. ఆయన గట్టిగా చెప్తున్నారు."

అంటే తన గుట్టు కాపాడిన నా మర్యాదనే కత్తి చేసి నన్నే పొడిచి, ఆ కత్తి కడిగి బావమరిదికి బహుమతి ఇచ్చాడన్నమాట.

మర్నాడు పొద్దున్నే చేపల మార్కెట్టుకి వెళ్లాను. కొర్రమీను చూపించి చేపలమ్మి ఒక ధర చెప్పింది. ఇచ్చేశాను. ఆవిడ ఆ డబ్బు పుచ్చుకోకుండా నా మొహంలోకి చూసింది.

"ఏవమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నానండీ."

"బేరం ఆడలేదేంటి మరి? ఇంట్లో అందరూ బాగున్నారా?"

"అందరూ బాగున్నారు. నా బేరం ఇవాళ ఇంకోచోట ఉంది."

ఆవిడ భయపడి ఇంకో చేప పైన వేసింది. అలా కూడా లాభం వస్తుందని నాకు ఇంతకు ముందు తెలియదు.

ఆ రోజు బల్ల సర్దినట్టు నా జీవితంలో ఎప్పుడూ సర్దలేదు. పగ తీర్చుకునే పని శుభ్రంగా చెయ్యాలి. ఎవరు వచ్చి వేలు పెట్టినా తప్పు దొరక్కూడదు. ఉల్లిపాయలన్నీ ఒకే మందం తరిగించాను. కరివేపాకులో ఒక్క పుల్ల లేదు. చింతపండు రసం తేనెలా వడకట్టాను. గిన్నెల అంచులు తుడిచాను. పిడులన్నీ కుడి చేతికి తిప్పాను. అంతా పెళ్లికూతురి సారెలా సిద్ధం చేసి, బల్లని తీసుకెళ్లి పొయ్యికి కుడి పక్క ఆనించి, చక్రాలు కదలకుండా బిరడాలు తొక్కాను. ఆయన అడిగినదే ఇచ్చాను. అడిగినదానికంటే ఒక్క పిసరు తక్కువ ఇవ్వలేదు. అంతకంటే క్రూరమైన పని నాకు తట్టలేదు.

పెద్దలంతా వచ్చి హాల్లో కూర్చున్నారు. కుర్చీలు అద్దం వైపు తిప్పుకున్నారు. మాస్టారు వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు. బల్ల చూశాడు. నన్ను చూశాడు. నేను సామాను గది గుమ్మంలో చేతులు కట్టుకుని ఉన్నాను.

నూనె పోశాడు. కాగింది. కుడి చెయ్యి మెంతుల కోసం వెళ్లి ఆవాల మీద పడింది. మళ్లీ వెతికి మెంతులు తీసి వేసేసరికి నూనె పొగలు కక్కుతోంది. మెంతులు నల్లబడ్డాయి. ఎడం చెయ్యి అలవాటుగా లేచి, మూకుడు మీదుగా బల్ల వైపు బయల్దేరి, వేడి తగిలి సగంలో ఆగింది. అద్దం అవతల ఎవరో దగ్గారు. మూకుడు దించి పారబోశాడు. రెండోసారీ అంతే. ఈసారి ఉల్లిపాయలు సగం పొయ్యి మీద పడ్డాయి. కళ్లతో సరుకు వెతుక్కుంటున్నాడు. గిరాకీ మెట్టు దిగే వేళ అదే కదా అనుకున్నాను. నాకు ఎంత చల్లగా ఉందంటే ఆ పొయ్యి వేడిలో దుప్పటి కప్పుకోవాలనిపించింది.

మంట తగ్గించి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరకి వచ్చాడు. సామాను గదిలోకి అడుగుపెట్టి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏవమ్మా, ఆ బల్ల కొంచెం ఇటు పెట్టించు."

"ఇటంటే ఎటండీ? నాకు కుడీ ఎడమా తెలీదు కదండీ."

"సరసాలకి ఇదా వేళ?"

"నాకు తీరికుందండీ. పొయ్యి మీద మూకుడు మీది."

ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా. మా బావమరిదికి చెప్తాను. గూడెంలో నీకూ పని ఇస్తాడు."

"ఉల్లిపాయలు తరగడానికాండీ?"

"స్టోరు తాళాలు నీకే ఇప్పిస్తాను."

"అవి ఇక్కడ ఉన్నాయి కదండీ నా బొడ్లో. ఉన్నదే మళ్లీ అమ్ముతారేంటి?"

"నీ ధరేంటో నువ్వే చెప్పు."

అందుకోసమే కదా పొద్దున్నే చేపలమ్మి దగ్గర నోరు దాచుకున్నది. "ఓనరుగారి ముందు చెప్పండి. మీది ఎడం చేతి వాటమని చెప్పండి. మీరు అడక్కుండానే నేనది చూసుకుని, మీ చేతికి తగ్గట్టు బల్ల పెట్టానని చెప్పండి."

ఆయన తువ్వాలు అంచు వేలికి చుట్టుకున్నాడు. "ఇన్నేళ్ల పేరమ్మా నాది. పెళ్లిళ్లకి పిలవరు ఇంక."

"నిన్న నా పేరు పోయిందండీ. దానికి ఎంతిచ్చారు మీరు?"

"కొంచెం తగ్గు."

"తగ్గదండీ. ఇది ఒకటే రేటు కొట్టు."

తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. నేను పిలవలేదు. గిరాకీ మెట్టు దిగినా పిలవకూడదు, వీధి మలుపు తిరిగేలోపు వాళ్లే వెనక్కి వస్తారని మా నాన్న లెక్క. అయితే నాన్న కాలంలో వీధిలో ఇంకో పచారీ కొట్టు లేదు. ఆ సంగతి మరిచిపోయాను.

మాస్టారు పొయ్యి చుట్టూ తిరిగి, పొయ్యికీ అద్దానికీ మధ్య ఉన్న సందులోకి దూరాడు. హాలుకి వీపు పెట్టి నిలబడ్డాడు. మనిషి అటు తిరిగేసరికి కుడి పక్క ఉన్న బల్ల ఆయన ఎడం పక్కకి వచ్చింది. అద్దంలోంచి చూసేవాళ్లకి ఆయన వెడల్పాటి వీపు తప్ప ఏ చెయ్యీ కనపడదు. ఎడం చెయ్యి పోపు డబ్బా మీదకి పాములా సాగింది. మెంతులు ఎర్రగా వేగిన వాసన వచ్చింది.

నా ధర నేనే నమ్మి, చేతికొచ్చిన బేరం చెడగొట్టుకున్నానని అర్థమైంది. ఆయన్ని తిట్టుకుంటూనే మనసులో ఒక మాట అనుకున్నాను, వీడు మా బజారులో పుట్టాల్సినవాడు అని.

నన్ను రక్షించింది నా తెలివి కాదు, ఓనరుగారి పరువు. ఆయన లేచి వంటింట్లోకి వచ్చారు. "ఏవండీ మాస్టారూ, అటు తిరిగారేంటి? వాళ్లు అంతంత దూరంనుంచి వచ్చింది మీ చెయ్యి చూడ్డానికండీ, మీ బనీను చూడ్డానికి కాదు."

"వేడిగా ఉందండీ అటు."

"పొయ్యి ఒకటేగా. ఇటు వేడి, అటు చలీ ఉంటుందా?"

హాల్లోవాళ్లు కూడా ఒకరిద్దరు లేచి తలుపు దగ్గరకి వచ్చారు. మాస్టారు మూకుడు దించి, గరిట కింద పెట్టాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"నాది ఎడం చేతి వాటమండీ" అన్నాడు. "చిన్నప్పటినుంచీ అంతే. ఆవిడ తప్పేం లేదు. నా చెయ్యి చూసే బల్ల అటు పెట్టింది. నేను అడగలేదు, తనే కనిపెట్టింది. నిన్న నేను అబద్ధం చెప్పాను."

నేను కాటా ముల్లు చూస్తున్నట్టు నిలబడ్డాను. ఇప్పుడు చూడాలి, ఎవరెలా మొహం చిట్లిస్తారో. దానికోసమే కదా నిన్నటినుంచి బతికున్నది.

కైకలూరు మేతషాపు ఆయన గట్టిగా నవ్వాడు. "ఇదా గొడవ? మా చెరువుల్లో వల విసిరేవాళ్లలో మంచి పనివాళ్లంతా ఎడం చెయ్యేనండీ. ఏ చేపా అడగలేదు ఇప్పటిదాకా. కానివ్వండి మాస్టారూ, ఆకలేస్తోంది."

అందరూ నవ్వారు. ఇంకెవరో "మా నాన్నదీ ఎడం చెయ్యే" అన్నారు. అయిపోయింది. ఇన్నేళ్లూ ఆయన తువ్వాలు కింద దాచుకున్నది, నన్ను నడిబజార్లో పడేసి మరీ కాపాడుకున్నది, వాళ్లకి ఆవకాయ ముక్కంత కూడా కాలేదు. నా పగ మార్కెట్టుకి తెచ్చేసరికి ధర పడిపోయింది.

అయినా ఒప్పుకున్న బేరం బేరమే. ఆయన ధర చెల్లించాడు, నేను సరుకు ఇవ్వాలి. బిరడాలు తీసి, బల్లని అందరూ చూస్తుండగా ఎడం పక్కకి తోశాను. పిడులన్నీ ఒక్కొక్కటే తిప్పాను. తూకం పూర్తిగా వేశాను. ఆ తరవాత ఆయన వండిన వంట గురించి నేను చెప్పకూడదు, పళ్లు కొరుక్కుంటూ చూశాను కాబట్టి. హాల్లోవాళ్లు ఫోన్లు తీసి ఆ ఎడం చేతినే వీడియో తీశారు. చప్పట్లు కొట్టారు. పగ తీర్చుకోవడానికి వెళ్లి శత్రువుకి సన్మానం చేయించిన మనిషి నేను తప్ప ఈ జిల్లాలో ఇంకొకరు ఉంటారనుకోను.

భోజనాలయ్యాక ఓనరుగారు నన్ను పిలిచి, "ఏమనుకోకు చెల్లెమ్మా, నిన్న తెలీక అన్నాను" అన్నారు. మాస్టారు పక్కనే ఉన్నాడు.

"ఆవిడ లేకపోతే నా చెయ్యి ఆడదండీ" అన్నాడు. "ఇవాళ చూశారుగా. ఆవిణ్ణి ఇక్కణ్ణుంచి కదపకండి."

అది పశ్చాత్తాపమో, దెబ్బకి దెబ్బో నాకు ఇప్పటికీ తేలలేదు. ఓనరుగారు మాత్రం తల ఊపారు. "నిజమేనండీ. ఇంత పనిమంతురాలిని గూడెం పంపుతానా? ఇక్కడే ఉంచుకోవాలి."

చూడండి నా రాత. చేతకానిదాన్నని నిన్న గూడెం పోయింది. చేతనైనదాన్నని ఇవాళ మళ్లీ పోతోంది. సరుకు మరీ మంచిదని తేలితే కొట్టువాడు అమ్మడు, ఇంటికి దాచుకుంటాడు. నా పొగడ్త నా కాళ్లకే చుట్టుకుంది. అప్పుడు వచ్చింది నోరు తిరిగి, నిన్న పోయిన నోరు.

"ఏవండీ, నా అవసరం మాస్టారి గుట్టు గుట్టుగా ఉన్నంతసేపేనండీ. ఎవరికీ తెలియకుండా ఆయన చేతికి తగ్గట్టు సర్దే మనిషి కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఊరందరికీ తెలిసింది. బల్ల ఎడం పక్క పెట్టడం ఎంతసేపండీ, చెప్తే ఎవరైనా పెడతారు." కాస్త ఆగాను. కొట్టులో ఆఖరి మాట ముందు మా నాన్న కూడా ఇలాగే ఆగేవాడు. "మాస్టారి బావమరిదిగారు ఖాళీగానే ఉన్నారట కదండీ. సొంత మనిషి. బావగారి చెయ్యి ఆయనకి తెలియనిదా? ఉల్లిపాయలు ఎలా తరగాలో వారం రోజులు దగ్గరుండి నేను చూపిస్తాను."

ఓనరుగారు మాస్టారి వైపు చూశారు. మాస్టారు ఇరుక్కున్నాడు. ఒద్దంటే సొంత బావమరిది చేతకానివాడని తనే చెప్పినట్టు. సరేనంటే వాడు నా బల్లకి వస్తాడు, నేను వాడి హోటలుకి పోతాను.

"మంచి మాటే" అన్నారు ఓనరుగారు. "ఏమంటారు మాస్టారూ?"

"తమరి ఇష్టమండీ" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన గొంతులోంచి చేపముల్లులా వచ్చింది.

బావమరిదికి వారం రోజులూ చూపించాను. ఉల్లిపాయలు కోస్తూ ముక్కు చీదుకుంటుంటే చూసి ఎంత మురిసిపోయానో చెప్పడం బాగుండదు.

గూడెం హోటలు తెరిచిన రోజు మొదటి పులుసు పెద్ద మాస్టారే పెట్టాలని ఓనరుగారు పట్టుబట్టారు. మాస్టారు కొత్త తువ్వాలు వేసుకుని వచ్చాడు. ఇప్పుడాయన దేనికీ దాక్కోవడం లేదు. ఎడంచేతి మాస్టారనే పేరు మీద పెళ్లివంటలు ఇంకా పెరిగాయట. నేను తాళాల గుత్తితో నా వంటింట్లో నిలబడ్డాను. కిటికీలోంచి చూస్తే ఎదురుగా మా నాన్న కొట్టు ఉన్న చోటు కనపడుతోంది. పాత గిరాకీ ముసలాయన ఒకాయన వచ్చి, "కొట్టువారమ్మాయివి కదూ" అని పలకరించి వెళ్లాడు.

మాస్టారి కోసం బల్ల నేనే సర్దాను. ఎడం పక్కకే పెట్టాను. పోపు డబ్బా, అల్లం ముద్ద, ఉల్లిపాయలు, కరివేపాకు, చింతపండు రసం, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ. పిడులు ఎడం చేతికి. ఆయన తృప్తిగా చూసి నూనె పోశాడు. చెయ్యి నాడెలా తిరిగింది. ముక్కలు వేశాడు. రసం పోశాడు. అలవాటుగా ఎడం చెయ్యి ఉప్పు కోసం దగ్గరకి వచ్చి, ఖాళీ జాగాలో ఆగింది. కళ్లతో వెతికాడు.

"ఏవమ్మా, ఉప్పేదీ?"

"అదిగోనండీ" అన్నాను. పొయ్యికి కుడి పక్క, గోడ వార, చిన్న స్టూలు మీద ఉంది. "అక్కడే ఉంది. కాస్త చెయ్యి చాపండి."

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. తరవాత గరిట చెయ్యి మార్చుకుని, పొయ్యి మీదుగా ఒళ్లు వంచి, కుడి చెయ్యి చాపాడు. అందలేదు. ఇంకాస్త వంగాడు.

తూకం సరిగ్గా వేశాను కదా. అది కొసరు.